రెండు విమానాల మధ్య పాత ఢిల్లీ: ఈ నడకకు ఎన్ని మార్కులు?

ఢిల్లీలో విమానం మారడానికి ఏడెనిమిది గంటలు చిక్కితే చాలామంది చేసేవి రెండే పనులు. టెర్మినల్‌లో ఖాళీ కుర్చీ వెతుక్కుని కునుకు తీయడం, లేదంటే క్యాబ్ మాట్లాడుకుని ఇండియా గేట్ ముందు ఒక ఫొటో దిగి పరుగున వెనక్కి రావడం. మూడో దారి ఒకటుంది. మెట్రో ఎక్కి పాత ఢిల్లీకి వెళ్లి, షాజహాన్ కట్టించిన ఊరిని కాలినడకన చూసి, మళ్లీ మెట్రోలోనే విమానాశ్రయానికి చేరుకోవడం. ఈ సమీక్ష ఆ మూడో దారి గురించే.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. పగటిపూట, ఆదివారం కాని రోజు, చేతిలో పెద్ద సామాను లేకుండా ఎనిమిది గంటలు ఉంటే ఐదుకు నాలుగున్నర. ఆరు గంటలే ఉంటే రెండు. అంతకంటే తక్కువైతే ఆలోచనే వద్దు. సాయంత్రం దిగి రాత్రికి ఎగిరేవాళ్లకు ఒకటిన్నర ఇస్తే ఎక్కువ. ఎర్రకోట లోపల చూడటం ఈ మార్కుల్లో లేదు, కారణం కింద ఉంది.

ముందు గంటల లెక్క. ఎనిమిది గంటల విరామం అంటే ఊళ్లో ఎనిమిది గంటలు అని ఎవరైనా అనుకుంటే అక్కడే దెబ్బతింటారు. టి3లో, అంటే మూడో టెర్మినల్‌లో దిగి, చేతి సంచితో బయటపడటానికి అరగంట. అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో స్టేషన్‌కు నడక, సంచి స్కానింగ్, రైలు కోసం నిరీక్షణ, న్యూఢిల్లీ దాకా ఇరవై నిమిషాల పైచిలుకు ప్రయాణం, అక్కడ ఎల్లో లైన్‌కు మారడానికి మరో పది నిమిషాల నడక. అన్నీ కలిపి పాత ఢిల్లీ వీధిలో కాలు పెట్టేసరికి గంటా పది నిమిషాలు అవుతుంది. తిరిగి రావడానికీ అంతే, సాయంత్రమైతే ఇంకో పావుగంట ఎక్కువే. తర్వాతి విమానం దేశంలోదే అయితే రెండు గంటల ముందు, విదేశానిదైతే మూడు గంటల ముందు టెర్మినల్ గుమ్మం దగ్గర ఉండాలి. అంటే ఎనిమిది గంటల్లో దేశీయ ప్రయాణికుడికి నికరంగా మిగిలేది మూడు గంటలు, విదేశాలకు వెళ్లేవాడికి రెండు. విమానం ఆలస్యంగా దిగితే ఆ అరగంటో ముప్పావుగంటో ఈ మిగులులోంచే పోతుంది, వేరే ఎక్కడినుంచీ కాదు. అందుకే బయలుదేరే ముందే ‘ఇన్ని గంటలకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి’ అని ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. అలారం మోగినప్పుడు జిలేబీ వరుసలో ఉన్నా సరే.

విదేశం నుంచి వచ్చి దిగేవాళ్లకు ఇమ్మిగ్రేషన్, సామాను బెల్టు, కస్టమ్స్ అన్నీ దాటడానికి గంట నుంచి గంటన్నర వేసుకోవాలి. ఇక్కడినుంచి విదేశానికి వెళ్లేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. ఢిల్లీలో ఇమ్మిగ్రేషన్ ముద్ర పడ్డాక ఇక ఊళ్లోకి రావడం కుదరదు. తిరగదలచుకుంటే ఆ వరుసలో నిలబడక ముందే తిరగాలి.

టెర్మినళ్ల సంగతి కూడా కొంచెం చెప్పాలి. టి3, టి2 పక్కపక్కనే, రెండింటికీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ స్టేషనే దిక్కు. టి1 దూరంగా ఉంటుంది, దానికి మెజెంటా లైన్‌లో వేరే స్టేషన్ ఉంది. టి1లో దిగినవాళ్లు మెజెంటా ఎక్కి హౌజ్ ఖాస్‌లో ఎల్లో లైన్‌కు మారితే అదే రైలు పాత ఢిల్లీకి తీసుకెళ్తుంది. టి1లో దిగి టి3లో ఎక్కాల్సినవాళ్లకు ఈ నడక మరీ కలిసొస్తుంది. వెళ్లేటప్పుడు మెజెంటా, వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే టెర్మినల్ మారే షటిల్ బస్సు కోసం కాచుకునే పని తప్పుతుంది.

సామాను దగ్గరే ఎక్కువమంది ప్రణాళిక చెడిపోతుంది. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండి, రెండూ దేశీయమే అయితే చెక్ఇన్ చేసిన పెట్టెలు వాటంతటవే వెళ్లిపోతాయి. వేర్వేరు టికెట్లయితే పెట్టెలు మీ చేతికే వస్తాయి. చక్రాల పెట్టెతో చావ్‌డీ బజార్‌లో నడవడం అసాధ్యం. అక్కడ ఫుట్‌పాత్ అనేది లేదు, రోడ్డు మీద తోపుడు బళ్లూ సైకిల్ రిక్షాలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. టి3 దగ్గర డబ్బు తీసుకుని సామాను భద్రపరిచే సేవ ఉంది, అక్కడే వదిలేయడం మేలు. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ క్లోక్‌రూమ్ దారిలోనే ఉంది కదా అనిపిస్తుంది గానీ, అక్కడ రైలు టికెట్ అడుగుతారు, తాళం లేని సంచి తీసుకోరు. వీపు సంచి ఒక్కటే అయితే దాన్ని ముందుకు తగిలించుకోండి. జేబు దొంగల భయం ఒకటైతే, మీ సంచి తగిలి వెనకవాడి సరుకు పడిపోకుండా చూసుకోవడం రెండోది.

మెట్రో టికెట్ కోసం కౌంటర్ ముందు నిలబడనక్కరలేదు. ఢిల్లీ మెట్రో యాప్‌లోనో వాట్సాప్‌లోనో క్యూఆర్ టికెట్ వచ్చేస్తుంది. ఫోన్ చార్జింగ్ అయిపోతే మాత్రం గేటు తెరుచుకోదు, పవర్ బ్యాంక్ దగ్గరుంచుకోండి.

ఇక అసలు నడక. దాదాపు అందరూ చాందినీ చౌక్ స్టేషన్‌లో దిగి, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే చేరతారు. దాంతో నడిచిన దారే రెండుసార్లు నడవాల్సి వస్తుంది. అంతకంటే తెలివైన పద్ధతి ఒకటుంది: న్యూఢిల్లీ తర్వాత మొదటి స్టేషన్ చావ్‌డీ బజార్‌లో దిగి, దాని తర్వాతి స్టేషన్ చాందినీ చౌక్‌లో ఎక్కడం. రెండూ ఒకే ఎల్లో లైన్ మీద ఉన్నాయి. మధ్యలో నడిచే దూరం అటూఇటూ తిరిగినా ఐదు కిలోమీటర్లు దాటదు. సమయం ప్రకారం చూసినా ఇదే సరైన వరుస. జామా మసీదుకు పొద్దున్నే వెళ్లాలి, మసాలా బజారుకు పది దాటాక వెళ్లాలి.

చావ్‌డీ బజార్ స్టేషన్ భూమిలోకి బాగా లోతుగా ఉంటుంది. ఎస్కలేటర్ మీద ఎస్కలేటర్ ఎక్కి పైకి తేలితే హౌజ్ ఖాజీ కూడలి. అక్కడి నుంచి తూర్పుకు తిన్నగా నడిస్తే చావ్‌డీ బజార్ వీధి: పెళ్లి శుభలేఖలు, కాగితం రీములు, ఇత్తడి సామాను. ఎనిమిది గంటలకు షట్టర్లు మూసే ఉంటాయి. అదే కావాలి. షట్టర్లు తెరిస్తే బోర్డులే కనిపిస్తాయి, మూసి ఉంటే పై అంతస్తుల్లో మిగిలిన చెక్క వసారాలూ, రాతి చెక్కడాలూ కనిపిస్తాయి. మసీదు గుమ్మటాలు వీధి చివర ఎదురుగా కనబడుతున్నా అటునుంచి లోపలికి దారి లేదు, అది మసీదు వెనక గోడ. కుడికి తిరిగి చుట్టి వెళ్తే దక్షిణపు గేటు, అదే ఒకటో నంబరు. ఎడమకు తిరిగితే ఉత్తరపు గేటు, మూడో నంబరు. ఈ చిన్న విషయం తెలియక వెనక గోడ వెంట పది నిమిషాలు తచ్చాడేవాళ్లు చాలామంది.

జామా మసీదు నిర్మాణం 1656లో పూర్తయింది. ప్రాంగణంలో పాతికవేల మంది పడతారని చెబుతారు. సందర్శకులను ఉదయం 7 నుంచి 12 వరకు, మళ్లీ మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రానిస్తారు. నమాజు వేళల్లోనూ, శుక్రవారం మధ్యాహ్నం కూడా ఆపేస్తారు. ప్రవేశం ఉచితం. మోకాళ్లు, భుజాలు కనిపించే బట్టలైతే మీద వేసుకోవడానికి గేటు దగ్గర అంగీ లాంటిది ఇస్తారు. చెప్పులు గేటు దగ్గర వదలడం కన్నా గుడ్డ సంచిలో వేసుకుని చేత్తో పట్టుకోవడం మంచిది. ఒక గేటులో వెళ్లి ఇంకో గేటులోంచి బయటపడే వీలుంటుంది, చెప్పులు కాసినవాడితో చిల్లర పేచీ ఉండదు. ఎండాకాలం పదకొండు దాటితే ఎర్రరాయి పెనంలా కాలుతుంది, మందపాటి సాక్సులు వెంట ఉండాలి.

మినారు ఎక్కాలా? టికెట్ వేరే ఉంటుంది, మెట్లు ఇరుకు, ఎక్కేవాడూ దిగేవాడూ ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లను పైకి పంపకపోవడం ఇక్కడి పాత పద్ధతి, ఈ నడకకు అర మార్కు కోత అందుకే. పైకి వెళ్లగలిగితే మాత్రం ఎర్రకోట ఎక్కడుంది, చాందినీ చౌక్ గీత ఎటు సాగింది, మధ్యలో గల్లీలు ఎలా అల్లుకున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. మూడు గంటలున్నవాళ్లు ఎక్కండి, రెండు గంటలున్నవాళ్లు వదిలేయండి.

ఉత్తరం వైపు బయటపడితే దరీబా కలాన్ వస్తుంది. వెండి నగల వీధి ఇది. 1816 నుంచి అత్తరు అమ్ముతున్న గులాబ్ సింగ్ జోహరీమల్ దుకాణం కూడా దీన్లోనే. అత్తరు విమాన ప్రయాణికుడికి అనువైన సరుకు. చిన్న సీసాలు కాబట్టి చేతి సంచిలో వంద మిల్లీలీటర్ల పరిమితికి అడ్డు రాదు. మూత మీద టేపు చుట్టి, జిప్ కవర్‌లో పెట్టమని అడగండి, లేకపోతే గాలి పీడనం మారినప్పుడు కారి సంచిలోని బట్టలన్నీ నెల రోజులు వాసనేస్తాయి.

దరీబాలోంచి ఎడమకు కినారీ బజార్. పెళ్లి సామగ్రి, జరీ అంచులు, గోటా పట్టీలు, రామలీల కిరీటాలు. ఇద్దరు ఎదురెదురుగా వస్తే భుజాలు తగిలేంత ఇరుకు, పైన కరెంటు తీగల పందిరి. ఇక్కడ జీపీఎస్‌ను నమ్మొద్దు. రెండు పక్కలా ఎత్తైన గోడల మధ్య నీలం చుక్క పక్క గల్లీకి దూకేస్తుంది. దుకాణం వాళ్లను ‘నౌఘరా’ అని అడిగితే చేయి చూపిస్తారు. నౌఘరా అంటే తొమ్మిది పాత జైన ఇళ్లున్న చిన్న గల్లీ. బజారు రొద ఒక్క గుమ్మం దాటగానే ఆగిపోతుంది. ప్రతి ఇంటి తలుపుకూ రంగు వేరు, చుట్టూ చెక్కిన రాతి చట్రం, దాని మీద పూలు, తీగలు. రంగు పొర మీద పొర వేసీ వేసీ కొన్ని పూరేకులు మొద్దుబారిపోయాయి, దగ్గరికి వెళ్లి చూస్తేనే కింద ఉలి పని తెలుస్తుంది. చివర ఒక జైన మందిరం. అన్నీ జనం కాపురం ఉంటున్న ఇళ్లే, కిటికీల్లోకి కెమెరా పెట్టొద్దు, మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగొద్దు. మొత్తం నడకలో అతి తక్కువమంది చూసేది ఈ గల్లీ, ఎక్కువ మార్కులు పడేదీ దీనికే.

కినారీ బజార్ అవతలి కొస పరాఠే వాలీ గల్లీలో కలుస్తుంది. ఇక్కడి పరాఠాను పెనం మీద కాల్చరు, మూకుడులో నేతిలో వేయిస్తారు. పక్కన గుమ్మడికాయ కూర, చింతపండు పచ్చడి పెడతారు. రుచి బాగుంటుంది, కానీ రెండోది అడిగితే తర్వాతి రెండు గంటలూ నడక భారమైపోతుంది. ఇద్దరు కలిసి ఒకటి చెప్పుకోండి.

గల్లీ దాటితే విశాలమైన చాందినీ చౌక్ రోడ్డు. 1650లో షాజహాన్ కూతురు జహానారా బేగం దీన్ని వేయించినప్పుడు మధ్యలో కాలువ, ఆ కాలువ మీద కొలను ఉండేవి. బ్రిటిష్ హయాంలో కాలువ పూడింది, కొలను ఉన్నచోట గడియార స్తంభం లేచింది, 1951లో అదీ కూలిపోయింది. ఇప్పుడు ఆ చోటుకు గుర్తు టౌన్‌హాల్ భవనమే.

ముందు కుడికి, అంటే ఎర్రకోట వైపు కొద్దిగా వెనక్కి నడిచి గురుద్వారా సీస్ గంజ్ చూడాలి. 1675లో ఔరంగజేబు ఆజ్ఞ మీద సిక్కుల తొమ్మిదో గురువు గురు తేగ్ బహదూర్ తల నరికిన చోటు ఇది. ఇప్పుడున్న కట్టడం చాలా తర్వాతిది. తల మీద గుడ్డ తప్పనిసరి, అక్కడే ఇస్తారు. చెప్పులు భద్రపరచడానికి పైసా తీసుకోరు. గుమ్మం ముందు పారే నీళ్లలో కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాలి. నడకలో కూర్చుని ఊపిరి తీసుకోవడానికి ఇంతకు మించిన చోటు లేదు. ఆకలేస్తే లంగర్, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనం ఉంది. దాని పక్కనే సునేహ్రీ మసీదు, 1720ల నాటి చిన్న కట్టడం. 1739లో దండెత్తి వచ్చిన పర్షియా రాజు నాదిర్‌షా ఇక్కడ కూర్చునే ఢిల్లీ ఊచకోతను చూశాడని చెబుతారు. జనం దాన్ని గమనించకుండానే దాటిపోతారు.

ఇక రోడ్డు సంగతి. ఎర్రకోట నుంచి ఫతేపురీ దాకా సుమారు 1.3 కిలోమీటర్లను బాగుచేసి 2021లో ప్రారంభించారు. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బళ్లకు ప్రవేశం లేదు. తీగలు భూమిలోకి పోయాయి, ఎర్రరాయి పరిచారు, కూర్చోవడానికి దిమ్మెలు పెట్టారు. మెచ్చుకోదగ్గ పనే. అయితే మధ్య భాగంలో కరెంటు పెట్టెలే వరసగా నిలబడ్డాయి, అప్పుడప్పుడూ మోటారు సైకిళ్లు దూరుతూనే ఉంటాయి, సైకిల్ రిక్షాలు అంచునంతా ఆక్రమిస్తాయి. పదకొండు దాటితే నడక వేగం సగానికి పడిపోతుంది. పదింటికల్లా ఈ రోడ్డు మీద ఉండేలా చూసుకోండి. పొద్దున తొమ్మిది లోపు మాత్రం బళ్లు తిరుగుతాయి, రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త.

పడమరగా సాగితే టౌన్‌హాల్, ఆ తర్వాత బల్లీమారాన్ మలుపు. ఉర్దూ కవి గాలిబ్ చివరి రోజుల్లో ఉన్న హవేలీ ఆ వైపు గలీ ఖాసిం జాన్‌లో ఉంది. కవిత్వం మీద ప్రేమ ఉంటే వెళ్లండి. లోపల చూడటానికి చిన్న గదులే. సోమవారం మూసేస్తారు, పొద్దున్నే తెరవరు, వెళ్లి రావడానికి అరగంట పోతుంది. రెండు గంటలవాళ్లు దీన్ని కొట్టేయాల్సిందే.

రోడ్డు చివర ఫతేపురీ మసీదు. 1650లో షాజహాన్ భార్యల్లో ఒకరైన ఫతేపురీ బేగం కట్టించింది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు దీన్ని లాలా చున్నామల్ అనే వ్యాపారికి వేలంలో అమ్మేశారు, ఇరవై ఏళ్లకు మళ్లీ ముస్లింల చేతికి వచ్చింది. జామా మసీదంత జనం ఉండరు, ప్రాంగణం ప్రశాంతంగా ఉంటుంది. దీన్ని దారిగా వాడుకోవచ్చు కూడా: చాందినీ చౌక్ వైపు గుమ్మంలో ప్రవేశించి, ఉత్తరపు గుమ్మంలోంచి బయటపడితే ఖారీ బావలీ. చెప్పులు చేతిలో ఉంచుకోమన్నది ఇందుకే.

ఖారీ బావలీ టోకు మసాలా బజారు. ఒకప్పుడు ఇక్కడున్న ఉప్పునీటి దిగుడు బావి పేరే మిగిలింది, బావి లేదు. మొదటి పది అడుగుల్లోనే దగ్గు మొదలవుతుంది. అది రోగం కాదు, మిర్చి ఘాటు. బస్తాలు దించినప్పుడల్లా గాలిలోకి పొడి లేస్తుంది, దాన్ని పీల్చిన వీధి వీధంతా ఒకేసారి తుమ్ముతుంది. మన గుంటూరు మిర్చి పేరు ఇక్కడ హిందీ యాసలో వినబడుతుంటే సరదాగానే ఉంటుంది గానీ, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ వీధిని వదిలేయడమే మంచిది. మిగతావాళ్లు మాస్కు పెట్టుకోండి, చేతులతో కళ్లు నులమొద్దు. గడోడియా మార్కెట్ అనే పాత కట్టడం లోపలి ప్రాంగణం చూడదగ్గది. మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్తే ఫతేపురీ గుమ్మటాలు కనిపిస్తాయి. అది పర్యాటక కేంద్రం కాదు, హమాలీలు బస్తాలు మోసే మెట్లు. ‘సైడ్’ అన్న అరుపు వినగానే గోడకు జరగాలి. క్వింటాలు బరువు వీపున పెట్టుకున్న మనిషి ఆగలేడు.

ఇక్కడ కొనే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. జీడిపప్పు, బాదం, ఏలకులు చేతి సంచిలో ఇబ్బంది లేకుండా వెళ్తాయి. కారం, మసాలా పొడులు మాత్రం భద్రతా తనిఖీలో తీసి పక్కన పెట్టే అవకాశం ఎక్కువ. అమెరికా వెళ్లే విమానంలో 350 మిల్లీలీటర్లు మించిన ఏ పొడినైనా చేతి సంచిలో ఆపవచ్చు. పెట్టెలు ముందే చెక్ఇన్ అయిపోయినవాళ్లు పొడుల జోలికి పోవద్దు.

అక్కడి నుంచి వచ్చిన రోడ్డునే కాస్త వెనక్కి వచ్చి టౌన్‌హాల్ దగ్గర చాందినీ చౌక్ మెట్రో గుర్తులు పట్టుకోవాలి. రెండు స్టేషన్లు పోతే న్యూఢిల్లీ. సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు ఎల్లో లైన్‌లో ఊపిరాడదు, మొదటి రైలు ఎక్కలేక రెండోదాని కోసం ఆగాల్సి రావచ్చు. సాయంత్రం నడకకు మార్కులు పడిపోయింది ఇక్కడే.

తిండి గురించి నిజాయితీగా చెప్పాలంటే, ఈ ఊరి పేరు తిండి మీదే నిలబడింది, ప్రయాణికుడి పొట్ట మాత్రం దానికి సిద్ధంగా ఉండదు. పద్నాలుగు గంటల విమానం ముందు చట్నీలు, కోసి పెట్టిన పళ్లు, ఐసు వేసిన షర్బత్ వద్దు. కళ్ల ముందు వేడి నూనెలోనో నేతిలోనో వేగి నేరుగా ఆకులోకి వచ్చేవి ఫర్వాలేదు. దరీబా మొగలో ఉన్న జిలేబీ దుకాణం 1884 నాటిది, లావుపాటి జిలేబీలు వేడిగా ఇస్తారు, వంద గ్రాములు చాలు. మెట్రో దారిలో నటరాజ్ వాళ్ల ఆలూ టిక్కీ నిలబడి తినాలి. శీతాకాలంలో వస్తే దౌలత్ కీ చాట్ తప్పక చూడండి, చిలికిన పాల నురగ మీద కోవా, పిస్తా చల్లి ఇస్తారు. ఎండెక్కితే నురగ కూలిపోతుంది కాబట్టి పొద్దుటే తినాలి. మాంసం తినేవాళ్లకు జామా మసీదు ఒకటో గేటు ఎదురు గల్లీలో 1913 నుంచి ఉన్న కరీమ్స్ ఉంది, పొద్దుటి పూట నిహారీ అనే నెమ్మదిగా ఉడికించిన మాంసం కూర కోసం వెళ్లాలి. నీళ్ల సీసా మూత సీలు చూసుకుని కొనండి.

సైకిల్ రిక్షావాళ్లతో మాట ముందే తెగాలి. ‘మొత్తం తిప్పి చూపిస్తా’ అన్న బేరంలో మధ్యలో మూడు దుకాణాలు కలుస్తాయి, అక్కడ పోయేది డబ్బు కాదు, మీ గంట. ఫలానా చోటునుంచి ఫలానా చోటికి, ఇంత, ఒక్కరికా ఇద్దరికా అన్నది స్పష్టంగా అడిగి ఎక్కాలి. కాళ్లు పీకితే ఫతేపురీ నుంచి ఒక్క ముక్క ఎక్కడం సబబే. క్యాబ్ మాత్రం లోపలికి రాదు. యాప్‌లో కారు దగ్గరలోనే చూపిస్తుంది, డ్రైవర్ ఎర్రకోట ముందున్న పెద్ద రోడ్డు మీదినుంచి ఫోన్ చేస్తాడు.

ఎర్రకోట ఎందుకు వద్దంటే, అది 1648లో పూర్తయిన పెద్ద ఆవరణ. టికెట్, తనిఖీ, లోపలి నడక కలిపి రెండు గంటలకు తగ్గదు. అది చూస్తే ఊరు చూడలేరు. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు, సోమవారం సెలవు, ఆగస్టు 15కు ముందు రోజుల తరబడి మూసేస్తారు. లాహోరీ గేటును బయటినుంచి చూడటంతో సరిపెట్టుకోండి.

రోజుల విషయానికొస్తే, మంగళవారం నుంచి గురువారం దాకా నిశ్చింత. శుక్రవారం మధ్యాహ్నానికి ముందే మసీదు ముగించుకోవాలి. ఆదివారం టోకు బజార్లు మూత, ఖారీ బావలీ కూడా. గల్లీల ప్రశాంతత కావాలనుకునే ఫొటోగ్రాఫర్లకు మాత్రం అదే మంచి రోజు. మే, జూన్‌లో తొమ్మిది లోపు తప్ప నడవలేరు. నవంబరులో గాలి పాడై గొంతు మండుతుంది. డిసెంబరు, జనవరిలో నడక హాయిగా ఉంటుంది, కానీ పొగమంచు మీ మొదటి విమానాన్నే ఆలస్యం చేస్తుంది కాబట్టి ఆ రెండు నెలల్లో తొమ్మిది గంటల విరామం ఉంటేనే బయటికి రండి.

గైడు కావాలా అంటే, శనివారం, ఆదివారం పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ ఢిల్లీ శాఖ నడిపే వారసత్వ నడకలు విషయపరంగా గట్టివి. వాటి వేళలు విమానాల వేళలకు కుదరడం అరుదు.

ఐదు గంటలే ఉండి, కూర్చోబుద్ధి కాని వాళ్లు పాత ఢిల్లీని వదిలేసి, అదే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌లో శివాజీ స్టేడియం దగ్గర దిగండి. 1724 నాటి ఖగోళ వేధశాల జంతర్ మంతర్, అగ్రసేన్ కీ బావలీ అనే దిగుడు బావి రెండూ నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. బావలీకి పొద్దున్నే వెళ్లాలి, పదకొండు దాటితే ఒక్కో మెట్టు మీద ఇద్దరేసి ఫొటోలకు కూర్చుంటారు.